ఆన్‌లే మెష్‌కి పెట్టిన డ్రెయిన్ ఎప్పుడు తీయాలి?

సర్జరీ పీజీ, విజయనగరం: పాత కోత మీద వచ్చిన పెద్ద హెర్నియా. ఆన్‌లే మెష్ వేసి, అంటే కండరం పొర మీద, కొవ్వు కింద వల పరిచి, 14 సైజు రోమోవాక్ డ్రెయిన్ పెట్టారు (ఊరే నీటిని పీల్చే గొట్టం, దాని చివర నొక్కి వదిలే బెలోస్ డబ్బా). ఐదో రోజు 45 మి.లీ. వచ్చింది. తీసేయొచ్చా?

సర్జన్, శ్రీకాకుళం: వద్దు. 24 గంటలకి 30 మి.లీ. లోపు, అదీ వరసగా రెండు రోజులు రావాలి. ఆన్‌లేకి కండరం పొర మీంచి కొవ్వు లేపేస్తాం కదా, ఆ ఖాళీలో నీరు ఊరుతూనే ఉంటుంది. గజ్జల హెర్నియా వేరే సంగతి. అక్కడ వల కుట్టే మామూలు లిక్టెన్‌స్టీన్ ఆపరేషన్‌కి అసలు డ్రెయినే అక్కర్లేదు.

సర్జన్, బొబ్బిలి: ఈ 30 ఎక్కడిదండీ? ట్రయల్స్‌ని కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2013 సమీక్షకి, ఇలాంటి హెర్నియా డ్రెయిన్ల మీద దొరికిన ట్రయల్ ఒక్కటే, 24 మంది. అందులోనూ పోల్చింది రెండు రకాల డ్రెయిన్లని. డ్రెయిన్ లేనివాళ్లు లేనేలేరు. గొట్టం ఉన్నన్నాళ్లూ క్రిములకి దారి. ఐదో రోజు లాగేయండి.

శ్రీకాకుళం: తీశాక ఆ ఖాళీలో నీరు చేరి సీరోమా కడితే?

బొబ్బిలి: చిన్నదైతే వారాల్లో దానంతటదే ఇంకుతుంది. నొప్పి, బిగువు లేనిదానికి సూది పెట్టకూడదు.

డ్రెస్సింగ్ సిస్టర్, టెక్కలి: 30 అనీ 45 అనీ వాదించుకుంటున్నారు, కొలిచిందెలాగ? సగం ఉబ్బిన బెలోస్ మీద గీతలు చూసి రాస్తే లెక్క తప్పుతుంది. గొట్టానికి క్లాంప్ వేసి, కొలగ్లాసులోకి వంచి, రోజూ ఒకే టైముకి రాయాలి. తర్వాత బెలోస్ పూర్తిగా నొక్కి, మూత బిగించి, అప్పుడే క్లాంప్ తీయాలి. ఉన్నట్టుండి 10 మి.లీ. వచ్చిందంటే నీరు తగ్గిందని సంబరపడకండి. గొట్టంలో గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. నొక్కిన బెలోస్ వెంటనే ఉబ్బిపోతే, గొట్టం కన్నం ఒకటి చర్మం బయటికి జారినట్టే.

చదువరి, పలాస: జారితే లోపలికి తోయొచ్చా?

సిస్టర్: అస్సలొద్దు. స్టెరైల్ డ్రెస్సింగ్ వేసి సర్జన్‌కి చూపించాలి.

బొబ్బిలి: శ్రీకాకుళం గారూ, ఇచ్ఛాపురం నుంచి వచ్చిన కూలీ మనిషిని మీ 30 కోసం పది రోజులు బెడ్ మీద ఉంచుతారా? ఆయన కూలి ఎవరిస్తారు?

శ్రీకాకుళం: ఉంచమని నేనెక్కడన్నాను? డ్రెయిన్‌తోనే ఇంటికి పంపండి.

బొబ్బిలి: పంపితే బెలోస్ నడుముకి దోపుకుని పొలంలోకి దిగుతాడు, కుట్టు తెగుతుంది. నా ఐదో రోజు లెక్క అందుకే.

శ్రీకాకుళం: అంటే మీ భయం ఇంటి దగ్గర చూసే దిక్కు లేదని. ఆ మాట ముందే అనాల్సింది.

సిస్టర్: పంపేముందు ఇంట్లోవాళ్ల చేత మన ఎదురుగా రెండుసార్లు బెలోస్‌లో నీరు ఒంపించండి. నీరు చిక్కబడినా, వాసనొచ్చినా, మళ్లీ ఎర్రగా మారినా ఆ రోజే రమ్మనండి.

పీజీ: కొలగ్లాసులో వంచి చూశాం. 45 కాదు, 70. డ్రెయిన్ ఉంచుతున్నాం.