ఉదయగిరి కోటలో డచ్చి సేనాని సమాధి ఉందా?

ఒంగోలు నుంచి:
అందరికీ నమస్కారం. మా పాప ఆరో తరగతి. స్కూల్లో కోటల మీద చార్టు చేయమంటే నెల్లూరు జిల్లా ఉదయగిరి తీసుకున్నాం. నెట్‌లో దొరికిన ఫొటోలు అతికించి, కింద "ఈ కోటలో డచ్చి సేనాని సమాధి ఉంది" అని నేనే రాయించాను. మా మామయ్య చూసి ఒకటే నవ్వు. చిన్నప్పుడు ఆ కొండ ఎక్కాడట, అలాంటి సమాధి ఏదీ చూడలేదంటాడు. సోమవారం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. కాస్త చెప్పండి.

ఉదయగిరి నుంచి:
మీ మామయ్య మాటే నిజం అక్కా. మీరు అతికించింది తమిళనాడు ఉదయగిరి. కన్యాకుమారి జిల్లాలో పద్మనాభపురం దగ్గర ఉంటుంది. 1741లో కొలచెల్ దగ్గర డచ్చివాళ్లు తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ చేతిలో ఓడిపోయారు. అప్పుడు పట్టుబడ్డ డిలనాయ్ అనే అతన్నే రాజు తన సైన్యానికి తర్ఫీదు ఇవ్వమని కొలువులో పెట్టుకున్నాడు. డిలనాయ్ 1777లో చనిపోతే ఆ కోటలోనే పూడ్చారు. కథ బాగుంది గానీ మనది కాదు.

మనది గజపతుల కోట. ప్రతాపరుద్ర గజపతి చేతిలో ఉండగా శ్రీకృష్ణదేవరాయలు వచ్చి చుట్టుముట్టాడు. కొండ నిటారుగా ఉంటుంది, ఒక్క ఊపులో ఎక్కి పట్టుకునే చోటు కాదు. నెలల తరబడి ముట్టడి సాగి 1514లో లొంగింది. గజపతి పినతండ్రి తిరుమల రౌతరాయ బందీ అయ్యాడు. రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, దానికోసం గుడి కట్టించాడు. హంపిలో కృష్ణాలయం చూసినవాళ్లలో ఎంతమందికి ఆ దేవుడు మా ఊరివాడని తెలుసో! పాపతో ఈ ముక్క తప్పకుండా రాయించండి.

నెల్లూరు నుంచి, రిటైరైన టీచర్‌ని:
ఉదయగిరులు ఇంకా ఉన్నాయమ్మా. ఒడిశాలో భువనేశ్వర్ పక్కన ఖారవేలుడి హాథీగుంఫా శాసనం ఉన్న కొండ పేరూ అదే. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర గుప్తుల కాలం గుహలున్న కొండ పేరూ అదే, పెద్ద వరాహ శిల్పం ఉండేది అక్కడే. ఈ రెండూ గుహలు, కోటలు కావు. సూర్యుడు పొడిచే కొండ అని అర్థం వచ్చే పేరు ఎవరికి నచ్చదు చెప్పండి! అందుకే ఊరి పేరు ఒక్కటే కొట్టి వెతకొద్దు, జిల్లా పేరు కూడా కలపండి. ఫొటో కింద ఏ రాజు పేరుందో చూడండి. మార్తాండవర్మ అనో ఖారవేలుడు అనో ఉంటే అది మనది కాదు.

ఒంగోలు నుంచి:
చాలా థాంక్స్ మాస్టారూ. ఇంకొక్కటి. పక్కనే వెంకటగిరి రాజుల గురించి కూడా రాయించా. వెంకటగిరికోట అంటే వాళ్లదేనా?

నెల్లూరు నుంచి:
కాదమ్మా. వెంకటగిరికోట చిత్తూరు జిల్లాలో, కర్ణాటక సరిహద్దున ఉంది. వి.కోట అంటారు. వెలుగోటివారి సంస్థానం మన వెంకటగిరి, చీరల ఊరు. ఇన్నాళ్లూ నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. పాత పుస్తకం చూస్తే ఒక జిల్లా, కొత్తది చూస్తే ఇంకో జిల్లా కనిపిస్తుంది. కంగారు పడొద్దు, ఊరు ఒకటే. చంద్రగిరి కూడా ఇంతే. తిరుపతి దగ్గర ఒక కోట, కేరళ కాసరగోడు దగ్గర ఇంకో కోట.

ఒంగోలు నుంచి:
సమాధి ఫొటో పీకేశాను. జిగురు గట్టిగా పట్టి చార్టు కొంచెం చిరిగింది, దాని మీద హంపి గుడి బొమ్మ అతికిస్తున్నాం. సెలవుల్లో పాపను తీసుకుని ఉదయగిరి రావాలనుంది, ఎక్కగలదా?

ఉదయగిరి నుంచి:
ఎక్కుతుంది, నిదానంగా. తెల్లవారుజామునే మొదలుపెట్టండి, ఎండాకాలం మాత్రం వద్దు. నీళ్లు మీరే మోసుకెళ్లాలి. దిగాక ఊళ్లో మా చెక్క గరిటెలు కొనకుండా పోవద్దు.