ఒకే జీతం ఉన్నా క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం)లో ఒక గ్రూపు నుంచే కెమిస్టులు ఎందుకు వెళ్లిపోతున్నారు?

ప్రశ్న (క్యూసీ సెక్షన్ హెడ్):
హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగం చూస్తున్నాను. ఎమ్మెస్సీ పూర్తిచేసి చేరిన కెమిస్టులు రెండేళ్లు నిండకముందే రాజీనామా చేస్తున్నారు. పక్క కంపెనీ జీతం ఎక్కువ ఇవ్వడమే దీనికి కారణమని యాజమాన్యం అంటోంది. అయితే ఒకే జీతం, ఒకే షిఫ్టులు ఉన్న మా రెండు గ్రూపుల్లో ఒకటి నిలకడగా ఉండగా, రెండోది ఏడాది తిరక్కుండానే ఖాళీ అవుతోంది. గ్రూపు లీడర్ తీరుకూ, పనిలో పాటించే నిజాయితీకీ, ఉద్యోగుల నిబద్ధతకూ ఉన్న సంబంధాన్ని పైవారికి ఎలా చూపించాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

జవాబు 1 (క్యూఏ, అంటే నాణ్యత హామీ విభాగం ఉద్యోగి):
లీడర్ల మధ్య తేడా ఫలితం తప్పినప్పుడే బయటపడుతుందండీ. రాత్రి షిఫ్టులో హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద ఒక బ్యాచ్ అస్సే (అసలు మందు ఎంత ఉందన్న కొలత) పరిమితి కంటే తక్కువ వచ్చిందనుకోండి, ఆ బ్యాచ్ తెల్లవారేసరికి డిస్పాచ్ కావాలి. ఒక లీడర్ ఓఓఎస్ (పరిమితుల్లో లేని ఫలితం) అని నమోదు చేయించి, ద్రావణాలను పారబోయనివ్వకుండా, తూకం నుంచి యంత్రంలోని కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) దాకా కెమిస్టు పక్కనే నిలబడి పరిశీలిస్తారు. మరొకరు నమూనాను మళ్లీ యంత్రంలోకి ఎక్కించమంటూ "ఇంకోసారి ఇంజెక్ట్ చెయ్, మొదటిది ట్రయల్ అని రాసెయ్" అంటారు. కారణం తేల్చకుండా, అనుకూలమైన ఫలితం వచ్చేదాకా పరీక్షిస్తూ పోకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006 నాటి ఓఓఎస్ మార్గదర్శకాల్లోనే స్పష్టం చేసింది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో దానంతటదే రాసుకునే కంప్యూటర్ ఆడిట్ ట్రెయిల్‌లో నమోదయ్యేది కెమిస్టు లాగిన్ మాత్రమే, నోటిమాటతో పని చెప్పినవారి పేరు అందులో ఎక్కడా ఉండదు. రేపు ఇన్‌స్పెక్టర్ ఎదుట సమాధానం చెప్పుకోవలసింది తానేనని ఆ పిల్లవాడికి తెలుసు. అందుకే వేరే ఉద్యోగం వెతుక్కుంటాడు, రాజీనామా లేఖలో మాత్రం "మెరుగైన అవకాశం" అని రాస్తాడు. రిలీవింగ్ లెటర్ రావాలి కదా!

జవాబు 2 (హెచ్‌ఆర్ ఉద్యోగి):
మేయర్, అలెన్ అనే పరిశోధకులు 1991లో నిబద్ధతను మూడు రకాలుగా విడదీశారు: సంస్థ మీద ఇష్టంతో ఉండటం, వదిలితే నష్టమని ఉండటం, ఉండటం ధర్మమని ఉండటం. ఇన్నేళ్లు పనిచేస్తామని రాయించుకునే బాండ్లు, మూడు నెలల నోటీసు, సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం వంటివి రెండో రకాన్ని మాత్రమే పెంచుతాయి. మనిషి కుర్చీలో ఉంటాడు గానీ, తప్పు కనిపించినా నోరు విప్పడు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నియమం తప్పని లీడరే అయినా నలుగురిలో కెమిస్టును కసురుకుంటే ఆ గ్రూపూ నిలవదు, ఎందుకంటే తిట్లకు భయపడినవారు పొరపాటును దాచడం మొదలుపెడతారు.

జవాబు 3 (ప్రొడక్షన్ విభాగం):
జీతాన్ని తక్కువ చేసి మాట్లాడకండి, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు కట్టుకోవాలి. అయినా జీతంతో కొనలేనిది ఒకటుందని రాన్‌బాక్సీ అనే మందుల కంపెనీ ఉదంతం చూపించింది. పరీక్షల సమాచారంలోని అక్రమాలను లోపల వెలికితీసిన ఆ కంపెనీ ఉద్యోగి దినేశ్ ఠాకూర్, పైవారు సరిదిద్దకపోవడంతో 2005లో రాజీనామా చేసి, అమెరికా ఎఫ్‌డీఏకు తెలియజేశారు. 2013లో ఆ కంపెనీ అక్కడ నేరం అంగీకరించి 50 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఆయనను నిబద్ధత లేని ఉద్యోగి అని నేను అనలేను. పని మీద నిబద్ధత గట్టిగా ఉన్నవారే, ఆ పనిని నాయకత్వం చెడగొడితే ముందుగా వెళ్లిపోతారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. రాజీనామాల పట్టికను గ్రూపులవారీగా విడదీసి, దాని పక్కనే ఒక్కో గ్రూపు నమోదు చేసిన ఓఓఎస్‌లను, ట్రయల్ ఇంజెక్షన్లను పెట్టి ప్లాంట్ హెడ్ గారికి చూపిస్తాను. వెళ్లిపోయినవారితో మాట్లాడే పని ఆ గ్రూపు లీడర్‌కు కాకుండా, రిలీవింగ్ లెటర్ అందిన తర్వాత హెచ్‌ఆర్‌కు అప్పగించమని కూడా అడుగుతాను.