పాలపిట్ట కోసం టెలీ లెన్స్: 15 వేలలో ఏది తీసుకోవాలి?

చెరువుగట్టు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్తే. మాది హనుమకొండ, వడ్డేపల్లి చెరువు దగ్గర. ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మధ్యాహ్నం డ్యూటీ పడిన వారాల్లో పొద్దున 6 నుంచి 9 దాకా ఖాళీ. పోయినేడు మా బావ కొత్త కెమెరా కొనుక్కుని, పాత కానన్ 1500డీని 18-55 కిట్ లెన్స్‌తో సహా నాకు ఇచ్చేశాడు (ఈ అంకెలు ఎంఎంలో, అంకె పెరిగేకొద్దీ దూరపుది దగ్గరగా కనబడుతుంది).

నాకు కావాల్సినవి రెండే ఫోటోలు. ఒకటి పాలపిట్ట. చిన్నప్పుడు ప్రతి దసరాకు నాన్న నన్ను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని ధర్మసాగర్ రోడ్డు వైపు తీసుకెళ్లేవారు. పాలపిట్ట కనబడితేనే జమ్మిచెట్టు దగ్గరికి పోవడం. ఇప్పుడు ఆయన మోకాళ్ల నొప్పులతో గడప దాటట్లేదు. ఈ దసరాకు ఫోటో ఫ్రేమ్ కట్టించి ఆయన మంచం ఎదురుగా పెట్టాలని నా కోరిక. రెండోది రామప్ప గుడి చూరు కింద ఉండే మదనికలు, అంటే రాతి స్త్రీ శిల్పాలు. కింద నిలబడి 55లో తీస్తే వాళ్ల నగలు, వేళ్లు ఏవీ విడిగా తెలియట్లేదు.

కిట్ లెన్స్‌లో కరెంటు తీగ మీది పాలపిట్ట బియ్యపు గింజంత వస్తోంది. తోటి ఉద్యోగి దగ్గర 300 దాకా పోయే పాత లెన్స్ అడిగి తెచ్చుకుని రెండు రోజులు తిరిగాను. పిట్ట పెద్దగా వచ్చింది గానీ 80 ఫోటోల్లో ఒక్కటీ షార్ప్‌గా లేదు. నా చెయ్యి బాగాలేదా, లెన్స్ బాగాలేదా తెలియట్లేదు.

బడ్జెట్ 15 వేలు, అంతకు మించి నా వల్ల కాదు. 55-250 అడిగితే షాపులో 75-300 చూపించి "300 ఉండగా 250 దేనికమ్మా" అంటున్నారు. నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

స్టూడియో బాబాయ్, వరంగల్

ఆ 80 ఫోటోలు డిలీట్ చెయ్యకమ్మా. ఒకటి తెరిచి షట్టర్ స్పీడ్ (షట్టర్ సెకనులో ఎన్నో వంతు సేపు తెరుచుకుందో) ఎంతుందో చూడు. అడిగి తెచ్చిన లెన్స్ మీద ఐఎస్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) అని రాసి ఉందా లేదా, అదీ చెప్పు.

చెరువుగట్టు

ఎక్కువ ఫోటోలు 1/125. కొన్ని 1/80. ఐఎస్ అని ఎక్కడా రాసి లేదు బాబాయ్.

స్టూడియో బాబాయ్, వరంగల్

అయితే నీ చెయ్యి బాగానే ఉంది, లెన్స్ కూడా బాగానే ఉండి ఉంటుంది. స్పీడే చాల్లేదు.

నీ కెమెరా సెన్సర్ (వెలుతురును పట్టే పలక) చిన్నది, దాని లెక్క 1.6. అంటే 300 లెన్స్ పెడితే 480 లెన్స్ చూసినంత దగ్గరగా చూస్తుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ కింది అంకె ఆ 480కి తగ్గకూడదని మా గురువుల నాటి లెక్క. నువ్వు 1/500లో తీయాల్సినవి 1/125లో తీశావు. అంత జూమ్‌లో ఊపిరి పీల్చినా ఫ్రేమ్ ఊగుతుంది.

ఇక షాపు మాట. ఆ 75-300లో ఐఎస్ లేదు. 55-250 ఐఎస్ ఎస్‌టీఎంలో ఉంది (ఎస్‌టీఎం అంటే దాని ఫోకస్ మోటార్ రకం). 2013లో వచ్చిన లెన్స్ అది, బరువు 375 గ్రాములే. 75-300 బరువు 480. పొద్దున్నే మెడలో వేసుకుని మూడు గంటలు తిరిగే మనిషికి ఆ తేడా తెలుస్తుంది. 300 అన్న అంకె చూసి ఆశపడకు. పిట్ట 12 మీటర్ల దూరంలో ఉందనుకో. 300తో అక్కడినుంచి తీస్తే ఎంత వస్తుందో, 250తో 10 మీటర్ల నుంచి తీసినా అంతే వస్తుంది. రెండు మీటర్లు ముందుకు జరిగితే సరిపోయే తేడా కోసం ఐఎస్ వదులుకోవద్దు.

నీ కెమెరా ఫైలు 6000 బై 4000 పిక్సెల్స్. పొడవులో సగం, వెడల్పులో సగం కట్ చేసినా 3000 బై 2000 మిగులుతుంది. నా స్టూడియోలో అలాంటి ఫైళ్లకు 8×12 అంగుళాల ప్రింట్లు రోజూ తీస్తాను, మంచిగా వస్తాయి. మీ నాన్నగారి మంచం ఎదురుగా పెట్టడానికి ఆ సైజు చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. ఐఎస్ ఆపేది నీ చేతి వణుకును. పిట్ట కదలికను అది ఆపదు. రామప్పలో అది నిజంగా అక్కరకొస్తుంది. మదనిక నల్లరాయి, చూరు కింద నీడలో ఉంటుంది, పైగా కదలదు. 135 దగ్గర ఎఫ్/5.6 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందన) 800 పెట్టి 1/50లో తీసినా గాజులు లెక్కపెట్టేంత వస్తుంది. ఏటవాలు ఎండ రాయి మీద పడే వేళ చూసి వెళ్లు. పాలపిట్ట సంగతి వేరే. తీగ మీద కుదురుగా కూర్చుంటే 1/500 చాలు. ఎగిరితే 1/1600కి తగ్గకూడదు. దానికి వెలుతురు కావాలి. 250 దగ్గర ఈ లెన్స్ ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు కాబట్టి ఐఎస్ఓ పెంచడానికి భయపడకు. 1600లో కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుంది, రానీ. గ్రెయిన్ ఉన్న ఫోటోను ప్రింట్ చేయొచ్చు, అదిరిన ఫోటోను ఏమీ చేయలేం.

15 వేలలో ఇది సెకండ్ హ్యాండ్‌లోనే వెతుకు. పేరు చూసి మోసపోకు. 2007లో వచ్చిన 55-250 ఐఎస్, 2011 నాటి రెండోది కూడా బజారులో తిరుగుతుంటాయి. అవి పనికిరానివని కాదు గానీ ఫోకస్ మోటార్ నిదానం, ఫోకస్ చేసేటప్పుడు ముందు గ్లాస్ తిరుగుతుంది. ముందు అంచు మీద ఎస్‌టీఎం అన్న అక్షరాలు కళ్లారా చూసుకో.

తర్వాత టార్చ్. ఇది అనుభవం మీద చెబుతున్నా. 2009లో వానాకాలంలో ఒకాయన దగ్గర పాత టెలీ లెన్స్ కొన్నాను. బయటికి కొత్త దానిలా ఉంది. నెల తర్వాత ఒక పెళ్లిలో, పెళ్లికూతురు వెనక సీరియల్ లైట్లు ఉన్న ఫోటోలన్నీ పొగ పట్టినట్టు వచ్చాయి. ఇంటికొచ్చి టార్చ్ వేసి చూస్తే లోపలి గ్లాస్ అంచునుంచి మధ్యకు తెల్లటి దారాలు, సాలెగూడు పాకినట్టు. ఫంగస్. ఆ తల్లిదండ్రులకు జవాబు చెప్పుకున్న రోజు నేను మర్చిపోను.

అందుకే రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడు. నాలుగు దుమ్ము చుక్కలుంటే ఫర్వాలేదు. దారాలు, వేర్లు, ఆవిరి పట్టినట్టు మసక కనిపిస్తే ఎంత చవకైనా వెనక్కి ఇచ్చేయ్. తర్వాత నీ కెమెరాకే తగిలించి 250కి తిప్పి ఎదురు షాపు బోర్డు మీద ఫోకస్ చెయ్యి. బటన్ సగం నొక్కితే సన్నని శబ్దం వచ్చి, వ్యూఫైండర్‌లో ఊగుతున్న బోర్డు ఒక్కసారి నెమ్మదిస్తుంది. అదే ఐఎస్ పట్టుకున్న గుర్తు. ఒకసారి ఆన్‌లో, ఒకసారి ఆఫ్‌లో 1/60లో తీసి పక్కపక్కన పెట్టి చూసుకో.

కాజీపేట జంక్షన్

బాబాయ్ చెప్పినదానికి తిరుగులేదు. నికాన్ వాడేవాళ్లు ఇది చదివితే వాళ్ల కోసం ఒక మాట. ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 బరువు తక్కువ, ఫోకస్ వేగం ఎక్కువ. కానీ అందులో రెండు రకాలున్నాయి, పేరులో వీఆర్ (నికాన్‌లో ఐఎస్‌కు పేరు) ఉన్నదే తీసుకోండి. డీ3100, డీ5100, డీ90 లాంటి పాత కెమెరాల్లో ఈ లెన్స్ ఫోకస్ చేయదు. నేను ఆ లెన్స్‌తోనే ప్లాట్‌ఫామ్ చివర నిలబడి మలుపు తిరిగే ఇంజన్లు తీస్తుంటాను.

పాకాల పిల్ల

అక్కా, లెన్స్ ఏదైనా పాలపిట్ట దగ్గరికి నడిచి వెళ్లకు. మనిషి రెండు అడుగులు వేస్తే ఎగిరిపోతుంది. ఆటోలోనో కారులోనో కూర్చుని నెమ్మదిగా దగ్గరికి వెళ్లి ఇంజన్ ఆపించు. బండిని అంతగా పట్టించుకోదు. ఇంకోటి, అది పురుగు కోసం కిందికి దూకి చాలాసార్లు మళ్లీ అదే తీగ మీదికి వస్తుంది. ఎగిరిపోయిందని వెళ్లిపోవద్దు, ఆ తీగ మీద ఫోకస్ పెట్టుకుని ఆగు. కూర్చున్నప్పుడు అది మట్టిరంగు పిట్టే. రెక్క విప్పినప్పుడే ఆ నీలం కనబడుతుంది.

చెరువుగట్టు

బాబాయ్, 55-250 ఎస్‌టీఎం దొరికింది, 11 వేలు. మొదట చూసినదానిలో టార్చ్ వేయగానే మీరు చెప్పిన దారాలు కనబడ్డాయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రెండోది శుభ్రంగా ఉంది. బోర్డు నెమ్మదించడం కూడా చూశాను. మిగిలిన డబ్బులో ఫంగస్ పట్టకుండా గాలి చొరని డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ కొన్నాను.

ఈ రోజు 6:50కి ధర్మసాగర్ రోడ్డులో ఆటో ఆపించుకుని కూర్చున్నాను. పాకాల చెల్లె చెప్పినట్టే మూడుసార్లు అదే తీగ మీదికి వచ్చింది. 250, ఎఫ్/5.6, 1/640, ఐఎస్ఓ 800. కంటి చుట్టూ ఉన్న తోలు, రొమ్ము మీది సన్న గీతలు కూడా పడ్డాయి. నాన్నకు ఫోన్‌లో చూపిస్తే మాట్లాడకుండా కళ్లద్దాలు తెమ్మన్నారు. పెట్టుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, "రెక్క తెరవలేదేందిరా" అన్నారు.

రెక్క విప్పినవి ఆరు వచ్చాయి గానీ అన్నీ అదిరాయి. రేపు ఐఎస్ఓ 1600, షట్టర్ 1/2000 పెట్టి మళ్లీ వెళ్తున్నాను. ఆటో అన్నను 6:30కే రమ్మన్నాను.

స్టూడియో బాబాయ్, వరంగల్

ఎండ కొంచెం పైకి రానీ, 7:15కి మొదలుపెట్టు. ఐఎస్ఓ 1600లో కూడా 1/2000 రాకపోతే 1/1600తో ఆగు, అంతకు కిందికి పోకు. రెక్క విప్పిన ఫైలు రాగానే తీసుకురా, 8×12 నేనే ప్రింట్ చేసి ఇస్తా.