పిల్లల్లో ఊరి పగలు నాటుకోకుండా ఏం చేయొచ్చు? తెలిసినోళ్ళు చెప్పండి

అందరికీ నమస్తే, మాది కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పల్లె, నేను అంగన్వాడీ టీచర్ని. ఊర్లో ఇప్పుడు బాంబులు, వేటకొడవళ్ళు లేవు గానీ రెండు వర్గాల ఇండ్లు ఇంకా పలకరించుకోవు, నాలుగేళ్ళ పిల్లలు గూడా ఇదంతా పట్టేస్తాండారు. మొన్న ఒకడు పక్క పిల్ల ఇచ్చిన గుడ్డు ముక్క తోసేసి "మీ వాళ్ళ చేతిది తినగూడదంట, మా అవ్వ చెప్పింది" అన్యాడు. ఆ పిల్ల ముక్క పట్టుకోని అట్లే నిలబడిపోయింది.

జమైకాలో 1986-87లో ఎదుగుదల తక్కువున్న పసిపిల్లల ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళు వారం వారం పోయి, తల్లులకు బిడ్డతో ఎట్ల ఆడాలో ఎట్ల మాట్లాడాలో చూపించినారంట, ఆ పిల్లలకు 22 ఏళ్ళు వచ్చినాక చూస్తే కొట్లాటలు, హింస తక్కువ. అది పేదరికం కథ, మనది పగ, అయినా పనికొస్తుందనే నా నమ్మకం.

ఇబ్బంది ఏందంటే నేను ఒక వర్గం ఇంట్లో గంట కూర్చుంటే రెండో వర్గమోళ్ళు నన్ను అటు కలిపేస్తారు. సూపర్‌వైజర్ మేడంని అడిగితే ముందు యాప్‌లో ఎంట్రీలు చూసుకోమనింది (సరే, అదీ పనే).

ఇట్లాంటి ఊర్లల్లో పనిచేసిన అక్కలు, అన్నలు ఎవరన్నా ఉంటే, రెండు వైపుల తల్లుల్ని ఒకే చాప మీద ఎట్ల కూర్చోబెట్టినారు? నాయనల్ని, అవ్వల్ని ఎట్ల రప్పించినారు? జంటగా ఆడితేగానీ కుదరని ఆటలేమన్నా చెప్పండి, నీతి కథలు మాత్రం వద్దు, చెప్పి చెప్పి అలిసిపోయినా.