రావి బోన్సాయ్: కొమ్మలు ఎండుతున్నాయి, ఆకు చిన్నది కావడం లేదు

మిద్దెతోట, తిరుపతి:
గోడ పగులులో మొలిచిన రావి మొక్క. తొట్టిలో పెట్టి ఏడాదిన్నర. ఎత్తు మూడడుగులు, మొదలు బొటనవేలంత లావు. ఏప్రిల్ చివర్లో వేర్లు సగం కోసి రెండంగుళాల లోతు బోన్సాయ్ (మరుగుజ్జు చెట్టు) ట్రేలోకి మార్చాను. ఆకు చిన్నదవుతుందని అదే వారం ఆకులన్నీ తీసేశాను. ఇప్పుడు రెండు కొమ్మలు కొసనుంచి ఎండుతూ వస్తున్నాయి. మిగతా చోట వచ్చిన చిగురు మళ్లీ అరచేయంత అవుతోంది. మట్టి: ఎర్రమట్టి, పేడ ఎరువు సగం సగం. తప్పెక్కడ?

చిత్తూరు రావి:
వేర్లూ ఆకులూ ఒకేసారి తీయడమే తప్పు తమ్ముడూ. ఆకు తీస్తే చెట్టు వేర్లలో, కాండంలో దాచుకున్న సత్తువతోనే కొత్త చిగురు పెట్టాలి. ఆ వేర్లే సగం పోయాయి. పైగా ఏప్రిల్ చివర, మిద్దె మీద సిమెంటు సెగ. అంత లోతులేని ట్రే మధ్యాహ్నానికి కాగిపోయి, మిగిలిన వేరు కొసలు కూడా మాడతాయి.

ఎండిన కొమ్మ బెరడును గోటితో గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. పొడిగా, గోధుమరంగులో ఉంటే పచ్చ తగిలేదాకా కిందికి గీకుతూ రండి. కోత మాత్రం ఆ పచ్చకు అరంగుళం పైన, ఎండిన భాగంలోనే పెట్టండి. రావి కోసిన చోటునుంచి కింది కణుపు దాకా ఎండుతుంది. కణుపుకు ఆనించి కోస్తే ఆ కణుపూ పోతుంది. మిగిలిన మోడును చిగురు బలపడ్డాక చెక్కేయొచ్చు.

ఎరువు ఇప్పుడు అస్సలు వద్దు. ట్రేని ఇటుకల మీద ఎత్తి, షేడ్ నెట్ కింద పెట్టండి.

బోన్సాయ్ అక్క:
మట్టి కూడా తప్పే. ఎర్రమట్టి, పేడ కలిస్తే నాలుగు తడులకే పిడచ కట్టి వేరుకు గాలాడదు. జొన్నగింజ నుంచి శనగగింజ సైజు ఇటుక ముక్కలు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, మాగిన వర్మికంపోస్టు ఒక పాలు కలపండి. ఇటుక కొట్టాక దుమ్ము జల్లించి పారేయాలి. ఆ దుమ్ము ఉంటే మళ్లీ పిడచే.

బొటనవేలంత మొదలుకు ట్రే తొందరపాటు. కాండాన్ని లావు చేసేది ఆకే. 14 అంగుళాల తొట్టిలో ఉంచి, కింది కొమ్మ ఒకదాన్ని కత్తిరించకుండా నాలుగైదు అడుగులు పోనివ్వండి. మొదలు మణికట్టంత అయ్యాక ఆ కొమ్మ తీసేయండి. అప్పుడు ట్రే.

వేరుమొదలు:
ఆకు సంగతి. రావి ఆకు చింతాకు కాదు. సగం సైజుకు వచ్చిందంటే పని బాగా కుదిరినట్టే. అందుకే చెట్టును అడుగు ఎత్తులో కాకుండా రెండడుగులకు పైనే ఊహించుకోండి.

బలంగా ఉన్న చెట్టుకే, వేరు ముట్టని ఏడాదిలోనే, జూన్-జులైలో ఆకు తీయాలి. తొడిమ ఉంచి, ఆకు వెడల్పు భాగం మాత్రం కత్తెరతో కోయండి. తొడిమ పసుపెక్కి తనే రాలుతుంది, దాని మొదట్లో ఉన్న మొగ్గ రెండు మూడు వారాల్లో విచ్చుకుంటుంది. ఆ రోజుల్లో పూర్తి ఎండ ఉండాలి, యూరియా వేయొద్దు. నీడలో పెడితే ఆకు మళ్లీ వెడల్పవుతుంది.

కొమ్మను వంచడానికి తీగ చుట్టేది పచ్చరంగు పోయి బెరడు కట్టే రెమ్మకే. అల్యూమినియం తీగ మందం కొమ్మలో మూడో వంతు చాలు. వానల్లో కొమ్మ లావెక్కి, నెల తిరక్కుండానే తీగ బెరడులోకి కోసుకుపోతుంది, వారానికోసారి చూడండి.

మిద్దెతోట, తిరుపతి:
ఒక కొమ్మ మొదట్లో పచ్చ ఉంది. ఇప్పుడే పెద్ద తొట్టికి మార్చేదా అక్కా?

బోన్సాయ్ అక్క:
వద్దు. ఆరేడు కొత్త ఆకులు విప్పి గట్టిపడనీ. తర్వాత వేర్ల చుట్టూ ఉన్న మట్టిముద్ద చెదరకుండా తొట్టిలో దించి చుట్టూ కొత్త మిశ్రమం నింపు. నడిమి పాత మట్టిలో తడి ఒకలా, చుట్టూ కొత్త మిశ్రమంలో ఒకలా ఉంటుంది కాబట్టి, నీళ్లు పోసేముందు పుల్ల గుచ్చి చూడు. ఆ పాత మట్టిని ఫాల్గుణంలో ఆకు రాలి మొగ్గ ఉబ్బేటప్పుడు తీద్దువు. అక్టోబరు-నవంబరులో వాయుగుండం పట్టిందంటే తొట్టి ఒక పక్క ఇటుక పెట్టి వాల్చు, నీళ్లు నిలవకుండా జారిపోతాయి.