తాత ఫోటో వెనకాల ఉన్న టాకీసు ఏది?

మెట్టుగూడ మనవడు:
తాత పెట్టెలో ఒక నలుపు తెలుపు ఫోటో దొరికింది. సైకిల్ పట్టుకుని ఏదో సినిమా హాలు ముందు నిలబడ్డాడు. బోర్డు మీద 'మహల్' అన్న ముక్క ఒక్కటే పడింది. తాత ఇప్పుడు లేడు. ఏ టాకీసో ఎలా తెలుసుకోవాలి?

చార్మినార్ చూపు:
ముందు వెనక్కి తిప్పి స్టూడియో ముద్ర ఉందేమో చూడండి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో జమ్రుద్ మహల్ ఉండేది, యాకుత్‌పురాలో యాకుత్ మహల్. గోడ మీద పోస్టర్ కనిపిస్తే ఆ సినిమా విడుదలైన ఏడాది దొరుకుతుంది. అయితే పాత సినిమాలు మళ్లీ మళ్లీ ఆడేవి. కాబట్టి ఫోటో ఆ ఏడాదికి ముందుది కాదని మాత్రమే తేలుతుంది.

పాత కాగితం:
దయచేసి లామినేషన్ చేయించకండి! మా అమ్మ పెళ్లి ఫోటో అలాగే పోయింది. వేడికి మొహం దగ్గర బుడగలు లేచాయి. ముందూ వెనకా రెండువైపులా స్కాన్ చేసి పెట్టుకోండి.

సికింద్రాబాద్ సీటు:
మన ఊళ్లో హాళ్లు పోయినా పేర్లు బస్టాపుల్లో మిగిలాయి. సంగీత్, లిబర్టీ అంటే ఇప్పటికీ కండక్టర్‌కు అర్థమవుతుంది. పారడైజ్ కూడా మొదట సినిమా హాలు పేరే. 1953లో అక్కడ అదే పేరుతో ఒక చిన్న కెఫే మొదలైంది, తర్వాత అది బిర్యానీకి పేరు పడింది. ఆ హాలు ఫోటో ఎవరింట్లోనైనా ఉంటే పెట్టండి, ఎన్నాళ్లుగానో వెతుకుతున్నాను.

గౌలిగూడ గౌరి:
తాత కనిపించాడు సరే, నాయనమ్మ ఏది? మా అమ్మమ్మ చెప్పేది: హాల్లో ఆడవాళ్లకు జనానా సీట్లు వేరు, ముందు పర్దా. లైట్లు ఆరాకే పర్దా తీసేవారు, ఇంటర్వెల్‌కు మళ్లీ వేసేవారు. అక్కడికి కెమెరా ఎవరు తెస్తారు? పర్దాలో ఉండే ఆడవాళ్ల కోసం నిజాం ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే ఇక్కడ జనానా స్టూడియో పెట్టి, ఫోటోలు తీయడానికి ఒక ఇంగ్లిషు ఆవిడను నియమించాడు. కానీ అది ఉన్నవాళ్ల ఇళ్లకు. మన నాయనమ్మల సినిమా వాళ్ల నోట్లోనే ఉంది. మీ నాయనమ్మ ఉంటే వెంటనే అడగండి.

మెట్టుగూడ మనవడు:
ముద్ర సగం చెరిగింది, 'ఆబి' వరకే ఉంది. రాత్రి నాయనమ్మకు చూపించాను. అద్దాలు కూడా పెట్టుకోలేదు. "జమ్రుదే. ఫోటో తీసింది మా తమ్ముడు. మీ నాయనను ఒళ్లో పెట్టుకుని నేను అప్పటికే లోపల కూర్చున్నా. మీ తాత వచ్చేసరికి ఒక పాట అయిపోయింది" అంది. ఆ పాట కూడా పాడింది. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.