రిస్ట్రెయినింగ్ ఆర్డర్ ఉండగా భార్యే రమ్మంటే వెళ్లొచ్చా? (కాలిఫోర్నియా)

వంశధార:
అందరికీ నమస్తే. కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడి గురించి అడుగుతున్నా, హెచ్1బీ మీద ఉన్నాడు. ఇంట్లో గొడవ ముదిరి మరదలి మీద చెయ్యి చేసుకున్నాడు, అందులో వాణ్ని నేను వెనకేసుకు రావట్లేదు. తను కోర్టుకెళ్తే టెంపరరీ ఆర్డర్ ఇచ్చారు, ఇంటికి 100 గజాల దూరంలో ఉండాలి, ఫోన్లూ మెసేజ్‌లూ ఏవీ వద్దని. హియరింగ్ ఇంకా రెండు వారాలుంది. నిన్న రాత్రి మరదలే మెసేజ్ పెట్టింది, పాపకి జ్వరం, నాన్న కావాలని ఏడుస్తోంది, ఒకసారి వచ్చి వెళ్లమని. వీడు కారు తాళాలు చేతిలో పట్టుకుని నాకు ఫోన్ చేశాడు, తనే పిలిచింది కదక్కా అంటాడు. పొద్దున దాకా ఆగరా అన్నాను. వెళ్తే ఏమవుతుంది?

నల్లరేగడి:
అక్కా వెళ్లనివ్వకండి. ఆర్డర్ ఇచ్చింది జడ్జి, మార్చాలన్నా జడ్జే మార్చాలి, మీ మరదలు రమ్మన్నంత మాత్రాన అది పోదు. పిలిచినందుకు ఆవిణ్ని ఎవరూ ఏమనరు, వెళ్లినందుకు ఇతన్ని పట్టుకుంటారు. ఆర్డర్ ఉందని తెలిసీ దాటాడని పోలీసులకి గట్టిగా అనిపిస్తే చాలు, వారెంట్ లేకుండానే అరెస్ట్ చెయ్యాలి, అక్కడి చట్టం అంతే. పీనల్ కోడ్ 273.6 కింద ఏడాది దాకా కౌంటీ జైలు, 1,000 డాలర్ల దాకా ఫైన్, లేదా రెండూ. ఇక ఆ వెళ్లినప్పుడు మళ్లీ గొడవై ఆవిడకి దెబ్బ తగిలిందా, ఫైన్ 2,000 దాకా వెళ్తుంది, జైలు మామూలుగా 30 రోజులకి తగ్గదు. ఫ్రెండ్‌తో కబురు పెట్టించడం, మీరు మధ్యలో ఫోన్ చేసి "వాడు ఇలా అంటున్నాడు" అని చెప్పడం కూడా అతను కాంటాక్ట్ చేసినట్టే చూస్తారు, అది కూడా ఆపండి. గన్ ఉంటే మాత్రం ఆర్డర్ అందిన 24 గంటల్లో అప్పగించేసి ఉండాలి.

చలిమంట:
పైన అన్న చెప్పింది కరెక్ట్, కానీ హెచ్1బీ అన్నారు కాబట్టి అసలు భయం జైలు కాదండి. ఇమిగ్రేషన్ చట్టంలో ఇలాంటి ప్రొటెక్షన్ ఆర్డర్‌ని అతిక్రమించడమే దేశం నుంచి పంపెయ్యడానికి ఒక కారణం, 1996 నుంచీ ఉంది. శిక్ష పడక్కర్లేదు, బెదిరింపుల నుంచీ వేధింపుల నుంచీ కాపాడే షరతుని దాటాడని కోర్టు తేలిస్తే చాలు. ఒక్క ఫోన్ కాల్ కూడా దీని కిందికి రావచ్చు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ ఇదే రూలు. అందుకే క్రిమినల్ లాయర్ ఒక్కరే సరిపోరు, ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా ఇవాళే పట్టుకోమనండి. ఆ మెసేజ్ డిలీట్ చెయ్యొద్దు, రిప్లై ఇవ్వొద్దు, స్క్రీన్‌షాట్ తీసి లాయర్‌కి పంపమనండి.

తెల్లచామంతి:
నేను అవతలి వైపు మనిషిని, నాకే అలాంటి ఆర్డర్ ఉంది. ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే మెట్టు మీద కేక్ డబ్బా, పైన మా బాబు పేరు, ఆయన చేతిరాత. తిట్టలేదు, కొట్టలేదు, కేకే కదా అని అందరూ అన్నారు, నాకు మాత్రం రాత్రి ఆయన ఆ మెట్టు దాకా వచ్చి వెళ్లాడన్న ఒక్క ముక్కే బుర్రలో తిరిగింది, వారం రోజులు నిద్రపోలేదు. ఫోటో తీసి, టైమ్ రాసి పోలీసులకిచ్చాను. మీ మరదలు పాప కోసం రమ్మని ఉండొచ్చు, అంటే భయం పోయిందని కాదండి. పాపని చూడాలంటే హియరింగ్‌లో విజిటేషన్ అడగమనండి, పక్కన ఇంకో మనిషి ఉండగా చూసేలా కూడా జడ్జి ఇస్తారు. తనకే ఆర్డర్ మార్పించాలని ఉంటే డీవీ-300 ఫారం తనే వేసుకోవచ్చు, మీరెవరూ వెయ్యమని అడగొద్దు.

వంశధార:
అందరికీ చాలా థాంక్స్. వాడు వెళ్లలేదు, పొద్దున లాయర్ దగ్గరికెళ్లాడు. చామంతి గారూ, మీరు రాసింది వాడికి చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇంకొక్కటి, పాస్‌పోర్టూ ఆఫీసు లాప్‌టాపూ ఆ ఇంట్లోనే ఉండిపోయాయి, ఎలా?

నల్లరేగడి:
ఆర్డర్‌లో సామాను తెచ్చుకోవడం గురించి ఏమైనా రాశారేమో ముందు లాయర్‌ని చూడమనండి. రాసుంటే సివిల్ స్టాండ్‌బై అని లోకల్ పోలీసుల్ని అడిగితే ఆఫీసర్ వెంట వచ్చి నిలబడతారు, ఆ కాసేపట్లో తీసుకుని వచ్చెయ్యాలి, మాటలు కలపకూడదు. రాయకపోతే లాయర్ ద్వారా జడ్జిని అడగాలి, అప్పటిదాకా ఆ వీధిలోకి కూడా పోవద్దనండి.